అర్ధరాత్రి అవసరం, మధ్యాహ్నపు ఎండ: గోదావరి డెల్టాకు తగిన సౌర విద్యుత్తు ఎలా ఉండాలి?

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రాత్రి రెండు దాటాక కరెంటు పోతే నిద్రలో ఉన్న ఊరికి తెలియకపోవచ్చు. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉన్న మనిషికి మాత్రం ఆ క్షణంలోనే తెలుస్తుంది. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు ఆగిపోతుంది కాబట్టి. పగలు నీటిలోని ప్లాంక్టన్ అనే సూక్ష్మ నాచు ఎండను వాడుకుని ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకాక అదే ప్లాంక్టన్ రొయ్యతో పోటీపడి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే చెరువులో ఆక్సిజన్ బాగా అడుగంటే సమయం తెల్లవారుజాము. వనామీ రొయ్యను ఒత్తుగా వేసిన చెరువులో ఆ వేళ ఏరియేటర్లు ఆగి, జనరేటర్ కూడా అందుకోకపోతే, నెలల తరబడి మేత పోసి పెంచిన పంట గంటా రెండు గంటల్లో చేజారిపోతుంది.

డెల్టాలో కరెంటు మరీ అత్యవసరమైన వేళ అది. సోలార్ ప్యానెల్ ఒక్క యూనిట్ కూడా ఇవ్వలేని వేళా అదే.

2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాస్‌తో పనిలేని విద్యుత్ సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు చేర్చాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. 2025 మధ్యకల్లా దేశంలోని మొత్తం స్థాపిత సామర్థ్యంలో సగం ఆ కోవలోకి వచ్చేసింది. ఆంధ్రప్రదేశ్ 2024లో తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం 160 గిగావాట్లకు పైగా మాట్లాడుతోంది. ఇవి మంచి అంకెలే. కానీ ఆ కరెంటు ఏ గంటకు పుడుతుంది, ఎవరి కప్పు మీద పుడుతుంది, ఉప్పుగాలికి ఎన్నాళ్ళు నిలుస్తుంది, తుఫాను మర్నాడు పనిచేస్తుందా అన్నది ఈ అంకెల్లో కనబడదు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది డిజైన్. ఇనుప స్టాండు వంపు దగ్గర్నుంచి కరెంటు రేట్ల (టారిఫ్) పట్టిక వరకు, మన్యంలోని సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు నీళ్ళు వదిలే వేళ వరకు అన్నీ అందులోకే వస్తాయి. ప్యానెల్ ధర బాగా దిగివచ్చింది, సబ్సిడీ ఉంది, బ్యాంకు అప్పు దొరుకుతోంది. ఇక డెల్టాలో పని ఆగేది పొందిక దగ్గరే. రాయలసీమ మెట్టభూమికి కుదిరిన నమూనాను తెచ్చి కోనసీమ మీద పెడితే కుదరదు.

చెరువు లెక్క

ముందు ఆక్వా లెక్కే చూద్దాం. ఒక చెరువులో 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు ఉన్నాయనుకుంటే మొత్తం సుమారు 6 కిలోవాట్లు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నాలుగూ తిరిగితే 48 యూనిట్లు. ఒక కిలోవాట్ ప్యానెల్ మన దగ్గర రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. అంటే ఆ ఒక్క చెరువు రాత్రి అవసరానికి 12 కిలోవాట్ల ప్యానెళ్ళు, వాటితోపాటు 50 యూనిట్లకు పైగా పట్టే బ్యాటరీ కావాలి. ప్యానెళ్ళకు చోటు పెద్ద సమస్య కాదు, 1200 చదరపు అడుగులు చాలు. రైతు నడ్డి విరిచేది బ్యాటరీ. మబ్బు పట్టిన వానాకాలపు వారాన్ని లెక్కలోకి తీసుకుంటే బ్యాటరీ ఇంకా పెరుగుతుంది. లెక్క ఇలా వేసిన ఏ రైతైనా కొటేషన్ పక్కన పెట్టేస్తాడు. పెట్టేయడం సబబే.

తప్పు ఎక్కడుందంటే, లెక్క ప్యానెల్ దగ్గర మొదలైంది. చెరువు దగ్గర మొదలుపెడితే వేరేగా వస్తుంది. రాత్రంతా నాలుగు ఏరియేటర్లూ తిరగాలా? ఆక్సిజన్ పదింటికి ఒకలా ఉంటుంది, మూడింటికి ఒకలా ఉంటుంది. నీటిలో సెన్సర్ పెట్టి, దాని రీడింగ్‌ను బట్టి ఒక్కొక్క ఏరియేటర్ ఆన్ అయ్యేలా చేస్తే ముందు జాముల్లో చాలా యూనిట్లు మిగులుతాయి. మోటార్ సంగతీ అంతే. రెండుమూడు సార్లు కాలి, మళ్ళీ వైండింగ్ చేయించిన మోటార్ అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఏరియేటర్లను ఏ మూల, ఏ వాలున పెడితే నీరు సుడిగా తిరిగి మడ్డి మధ్యకు చేరుతుందో అనుభవమున్న రైతుకు తెలుసు. ఆ అమరిక సరిగా ఉంటే తక్కువ మోటార్లతో అదే పని అవుతుంది. సోలార్ కంపెనీ ఇంజినీరు చెరువుకు వస్తే ముందు అడగాల్సినవి ఇవి. వాళ్ళు సాధారణంగా అడిగేది గట్టు పొడవు ఎంతా అని.

ఇంకో మెట్టు కిందికి దిగితే అసలు టెన్షన్ ఏమిటో తెలుస్తుంది. రైతును భయపెట్టేది నెల బిల్లు కన్నా కరెంటు పోయిన నిమిషాలు. రాష్ట్రం అర్హులైన ఆక్వా రైతులకు యూనిట్ రూ.1.50 రాయితీ ధరకు ఇస్తూ వచ్చింది. ఆ ధర దగ్గర సొంత సోలార్ కరెంటుతో రైతుకు మిగిలేది పెద్దగా ఉండదు. కానీ చెరువులకు కరెంటు తెచ్చే లైను (ఫీడర్) ట్రిప్ అయితే జనరేటర్ స్టార్ట్ చేయడానికి మనిషి పరిగెత్తాలి, డీజిల్ ఉండాలి, అది ఒక్క దెబ్బకు అంటుకోవాలి. ఈలోగా ఆక్సిజన్ మాత్రలు చల్లాలి. ఇక్కడ ఒక్క గంట పట్టే బ్యాటరీ, అంటే 6 యూనిట్లది, కరెంటు పోగానే దానంతటదే అందుకునేలా పెడితే రైతు కొంటున్నది కరెంటు కాదు, నిద్ర. 50 యూనిట్ల బ్యాటరీ కొనలేనివాడు 6 యూనిట్లది కొనగలడు. పగలు గట్టు మీది రెండు మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు దాన్ని నింపుతాయి. జనరేటర్ ఉంటుంది గానీ చివరి ఆసరాగా ఉంటుంది. డీజిల్ ముందు తగ్గేది ఇలాగే. రాత్రి మొత్తాన్ని మార్చేస్తామని బయల్దేరితే ఒక్క గంట కూడా మారదు.

చెరువు నీటి మీదే తేలే ప్యానెళ్ళు పరిస్తే సరిపోదా అనేవారున్నారు. రామగుండంలో 2022లో పూర్తయిన 100 మెగావాట్ల ఫ్లోటింగ్ ప్లాంటు చూసి వచ్చే ఆలోచన అది. రిజర్వాయర్ నీరు వేరు, రొయ్యల చెరువు వేరు. ఇక్కడ నీటికి ఎండ తగలాలి, లేకపోతే ప్లాంక్టన్ పెరగదు. పట్టుబడికి వలలు లాగాలి. పంటకూ పంటకూ మధ్య నీరు తోడి, అడుగు ఎండగట్టి, ట్రాక్టర్ దింపాలి. తేలే ప్యానెల్ వీటన్నిటికీ అడ్డమే.

ఎండతో సర్దుకునే పనులు

చెరువు ఎండ వేళలకు సర్దుకోలేదు. సర్దుకోగలిగినవి దాని చుట్టూనే ఉన్నాయి. ఐస్ ఫ్యాక్టరీ సంగతి చూడండి. మంచుదిమ్మ ఏ గంటకు గడ్డకట్టిందన్నది రొయ్యకు అనవసరం. కంప్రెసర్ సామర్థ్యం కొంత పెంచి, నిల్వగది గోడలకు మందపాటి ఇన్సులేషన్ వేస్తే పదింటి నుంచి నాలుగింటి దాకా చేసిన ఐసు రాత్రి పట్టుబడికి పనికొస్తుంది. అంత నిల్వ బ్యాటరీలో పెట్టాలంటే అయ్యే ఖర్చు ముందు ఆ ఇన్సులేషన్ ఖర్చు లెక్కలోకి రాదు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల కోల్డ్ స్టోరేజీలకూ ఇదే సూత్రం కొంతవరకు వర్తిస్తుంది.

అందుకు రేటు కూడా తోడవ్వాలి. కేంద్రం 2023లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, సౌర వేళల్లో చార్జీ మామూలు కంటే 10 నుంచి 20 శాతం తక్కువగా, వాడకం ఎక్కువగా ఉండే పీక్ వేళల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువగా ఉండాలంది. 10 కిలోవాట్లకు పైబడిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్ నుంచి ఇది వర్తించాలని పెట్టింది. ఐస్ ఫ్యాక్టరీ యజమాని గోడకు ఇన్సులేషన్ వేయాలా వద్దా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది. తేడా నామమాత్రంగా ఉంటే ఎవరూ కదలరు. టారిఫ్ పట్టిక రాసేవాళ్ళు తాము కంప్రెసర్ సైజు నిర్ణయిస్తున్నామని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఊక. వంద కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండు పంటలు పండే ఈ నేలలో రైస్ మిల్లుల వెనక కొండల్లా పేరుకునే సరుకు అది. కొంత మిల్లు బాయిలర్లోకి పోతుంది, కొంత ఇటుక బట్టీలకు, కొంత బయోమాస్ ప్లాంట్లకు. డెల్టాలో పుట్టే పునరుత్పాదక ఇంధనాల్లో కావలసిన గంటకు వెలిగించుకోగలిగిన వాటిలో ముఖ్యమైనది ఇది. ఎండకు ఆ వెసులుబాటు లేదు. అలాంటప్పుడు గ్రిడ్‌లో సోలార్ కరెంటు పొంగిపొర్లే మిట్టమధ్యాహ్నం ఊక కాల్చి కరెంటు తీయడం వృథా. ఒప్పందాల్లో రోజంతా ఒకే రేటు ఉంటే ప్లాంటు రోజంతా నడుస్తుంది. సాయంత్రం ఆరు తర్వాతి యూనిట్‌కు ఎక్కువ ధర ఇస్తే ఊకను ఆ వేళకు దాచుకుంటారు.

డాబా మీద

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన రూ.78 వేలు కేంద్ర సబ్సిడీ ఉంది. అందుకే అమలాపురం, రాజోలు, తణుకు, పాలకొల్లు వీధుల్లో డాబాల మీద నీలి పలకలు కనిపించడం మొదలైంది. 3 కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల జాగా కావాలి. ఆ జాగాలో ఇప్పటికే ఒక జీవితం ఉంది. వేసవి వస్తే మాగాయ ముక్కలు ఎండాలి, వడియాలు పెట్టాలి, మిరపకాయలు ఆరబోయాలి, బట్టలు ఆరాలి, కరెంటు లేని రాత్రి పడకలు వేసుకోవాలి. తక్కువ ఎత్తు స్టాండు మీద ప్యానెళ్ళు పరిస్తే ఆ డాబా ఇంటి ఆడవాళ్ళ చేయి జారిపోయినట్టే. సంతకం పెట్టేది ఇంటాయన, జాగా పోగొట్టుకునేది ఇల్లాలు. సర్వేకు వచ్చినవాళ్ళు ఆవిడను ఒక్క మాట అడిగితే స్టాండు ఎత్తు అక్కడే తేలిపోతుంది.

ఏడెనిమిది అడుగుల ఎత్తున పందిరిలా కడితే కింద జాగా మిగులుతుంది, స్లాబుకు నీడ పడి పై అంతస్తు గదులు చల్లబడతాయి, ప్యానెళ్ళ కింద గాలి ఆడుతుంది. ప్యానెల్ వేడెక్కే కొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి ఆ గాలి వల్ల కొన్ని యూనిట్లు ఎక్కువే వస్తాయి. అయితే ఎత్తు పెరిగితే తుఫాను గాలికి పట్టు దొరుకుతుంది. తూర్పు తీరంలో ఈ ప్రాంతానికి భారత ప్రమాణం చెప్పే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగం ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. ఇప్పుడొస్తున్న పెద్ద ప్యానెల్ ఒక్కొక్కటి రెండున్నర చదరపు మీటర్లు ఉంటుంది. ఆరు ప్యానెళ్ళ పందిరిని గాలి కింద నుంచి ఎత్తితే రెండు టన్నులకు పైగా బలంతో ఎత్తుతుందన్నమాట. ఆ పందిరి స్లాబును ఎక్కడ పట్టుకుని ఉందన్నదే అసలు ప్రశ్న. స్లాబుకు రంధ్రం పెడితే కారుతుందని ఇంటివాళ్ళ భయం. అది అర్థం లేని భయం కాదు. ఆ భయం తీర్చే ఓపిక లేక, నాలుగు సిమెంటు దిమ్మలు పెట్టి వాటికి కాళ్ళు బిగించి వెళ్ళిపోతే రెండు టన్నుల లాగుడుకు అవి ఆగవు. బీములు, పిల్లర్లు ఎక్కడున్నాయో చూసి అక్కడే బోల్టు దించి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయడం ఒక పూట పని. ఆ పూట కొటేషన్‌లో ఉండాలి.

1996 నవంబరు తుఫాను కోనసీమలో కొబ్బరిచెట్లను నేలమట్టం చేసిన సంగతి ఇక్కడ ప్రతి ఇంటికీ గుర్తే. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను కాట్రేనికోన ప్రాంతంలో తీరం దాటింది. ఇంటి మీద పెట్టే ప్యానెల్ పాతికేళ్ళు ఉంటుందని అమ్ముతున్నారు. పాతికేళ్ళలో ఇలాంటి గాలి రాకుండా ఉండదు. గాలికి ఊడిన ప్యానెల్ పక్కింటి మీద పడితే ఆ నష్టం యూనిట్లలో కొలిచేది కాదు.

తీరం దగ్గర గాలికి తోడు ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఇనుప కిటికీ ఎన్నేళ్ళకు తినేస్తుందో అక్కడివాళ్ళు చెబుతారు. గాల్వనైజ్ చేసిన పైపు తెచ్చినా, డాబా మీద కోసి వెల్డింగ్ పెట్టగానే ఆ అతుకు దగ్గర జింకు పూత కాలిపోతుంది. తుప్పు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. పైన వెండి రంగు పూస్తే ఒక్క వానాకాలం కనబడదంతే. ముక్కలన్నీ ముందే కొలత ప్రకారం కోసి, రంధ్రాలు వేసి, ఆ తర్వాత కరిగిన జింకులో ముంచే హాట్‌డిప్ గాల్వనైజింగ్ చేయించి, పైన స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించేలా స్టాండు తయారుచేస్తే ఈ బాధ ఉండదు. తీరమండలాలకు స్టాండు స్పెసిఫికేషన్ వేరుగా ఉండాలి. హైదరాబాద్ డాబాకూ సఖినేటిపల్లి డాబాకూ ఒకే స్టాండు అంటే ఒప్పుకోకూడదు.

కోనసీమలో మరొకటి కొబ్బరి నీడ. డాబా మీదికి వంగని చెట్టున్న ఇల్లు అక్కడ అరుదు. ప్యానెళ్ళను వరసగా కలిపినప్పుడు ఒకదాని మీద మట్ట నీడ పడితే దాని నష్టం ఆ ఒక్కదానితో ఆగకపోవచ్చు, వరస మొత్తం తగ్గొచ్చు. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పంపే బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి గానీ పూర్తిగా కాదు. ప్యానెల్‌కో చిన్న ఇన్వర్టర్ పెట్టే పద్ధతి ఉంది. ఖరీదు ఎక్కువే అయినా నీడ ఉన్న ఇంటికి అదే నయం. చెట్టు కొట్టేయమని చెప్పే ఇన్‌స్టాలర్‌కు ఏటా ఆ చెట్టు ఇచ్చే కాయల లెక్క కూడా చెప్పాలి. ఎండుమట్ట, కాయ రాలిపడే దారిలో ప్యానెల్ పెట్టకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు.

చాలామందికి ముందు తెలియని సంగతి ఒకటుంది. ప్యానెల్ కరెంటును గ్రిడ్‌కు కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా పెట్టిన రక్షణ అది, ఉండాల్సిందే. కానీ తుఫాను తర్వాత స్తంభాలు కూలి వారం రోజులు కరెంటు రానప్పుడు, పైన ఎండ కాస్తూ ఉంటుంది, ప్యానెళ్ళు మెరుస్తూ ఉంటాయి, కింద ఇల్లు చీకటి. డెల్టాలో ఈ డిజైన్‌ను అందరికీ అంటగట్టడం అన్యాయం. చిన్న బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ పెడితే నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఫోన్లు, తాగునీటి మోటారు నడుస్తాయి. ప్రతి ఇంటికీ ఆ ఖర్చు పెట్టలేకపోతే ఊరికి ఒక తుఫాను షెల్టర్‌కు, ఒక పీహెచ్‌సీకి, ఒక సెల్ టవర్‌కు అయినా తప్పనిసరి చేయాలి. లంక గ్రామాల్లో ఇంకో మాట. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఇన్వర్టర్‌ను వసారా గోడకు చేతికందే ఎత్తులో బిగించడం అలవాటు. అక్కడ మాత్రం 86 వరద గుర్తు కంటే పైన బిగించాలి.

ఇంత చేసి తెచ్చిన కరెంటును ఏం చేస్తున్నామన్నదీ చూడాలి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 70, 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలిని 30 వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. మండువా లోగిళ్ళ రోజుల్లో ఎత్తైన పెంకు కప్పు, నడిమి వాకిలి కలిసి వేడిని పైకి పంపేసేవి. ఇప్పటి నీడలేని స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి గదిలోకి వదులుతుంది, దాన్ని చల్లార్చడానికి ఏసీ. కొత్త ఇల్లు ప్లాన్ గీసేటప్పుడే డాబా నీడ, ప్యానెల్ పందిరి కలిపి ఆలోచిస్తే పిల్లర్ల బోల్టులు స్లాబు పోసిన రోజే వేసేయొచ్చు.

కేరళలో 2017లో వైకోం దగ్గర మొదలైన 'ఆదిత్య' సోలార్ ఫెర్రీ, కరెంటు అవసరాన్ని ముందు తగ్గించడం ఎంత ముఖ్యమో చక్కగా చూపిస్తుంది. 75 మందిని తీసుకెళ్ళే ఆ పడవ పైకప్పు మీద పట్టేవి సుమారు 20 కిలోవాట్ల ప్యానెళ్ళే. అవి చాలేలా చేసింది పడవ అడుగు. రెండు సన్నటి తేలికపాటి దోనెలు కలిపిన రూపం వల్ల నీటిని చీల్చడానికి తక్కువ బలం సరిపోయింది. నరసాపురం - సఖినేటిపల్లి పంటు (మనుషుల్నీ వాహనాల్నీ ఏరు దాటించే పడవ) మీద, కోటిపల్లి - ముక్తేశ్వరం రేవులో ఇప్పుడు తిరిగేది డీజిలే. పాత పంటు మీద ప్యానెళ్ళు పరిస్తే లైట్లు వెలుగుతాయి తప్ప పంటు కదలదు. ఆటోలూ మోటార్‌సైకిళ్ళూ మోస్తూ, పోటు పాటులకూ వరద ఉధృతికీ ఎదురెళ్ళే, గోదావరి వశిష్ఠ పాయలోని పంటుకు అడుగు నుంచి కొత్త రూపం గీయాలి.

భూమి ఎక్కడిది, ఎవరిది

కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లకు దాదాపు 6 వేల ఎకరాలు తీసుకుంది. డెల్టాలో అలాంటి ఆలోచన ఎవరూ చేయరు, చేయకూడదు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి కాలువ పారుతున్న నేల ఇది. మరి కాలువ మీదే ప్యానెళ్ళు వేస్తే? గుజరాత్‌లో నర్మదా కాలువ మీద 2012లో 1 మెగావాట్ వేశారు. మన దగ్గర భీమవరం ప్రాంతంలో గొల్లవానితిప్ప దగ్గర లోసరి కాలువ మీద కూడా 1 మెగావాట్ ప్లాంటు కట్టారు. నర్మదా కాలువ కాంక్రీటు లైనింగ్ చేసిన కొత్త కాలువ. గోదావరి కాలువలు పడవలు తిరగడానికి కూడా తవ్విన పాత మట్టి కాలువలు. వెడల్పు ఊరూరికీ మారుతుంది, గట్లు మెత్తన. ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, పొక్లెయిన్ దిగాలి. పైన ప్యానెళ్ళుంటే ఆ పని ఎలా చేస్తారో చెప్పకుండా కిలోమీటర్ల లెక్కన మెగావాట్లు ప్రకటించకూడదు.

డెల్టాకు చక్కగా అమరేది తాగునీటి చెరువు. కాలువలు కట్టేసిన రోజుల కోసం ఊరూరా, పట్టణాలన్నిటా సమ్మర్ స్టోరేజీ ట్యాంకులున్నాయి. నీరు ఆవిరై తరిగిపోయేది, నాచు పట్టేది ఆ ఎండాకాలంలోనే, ప్యానెల్ బాగా పండేదీ అప్పుడే. సగం దాకా తేలే ప్యానెళ్ళతో కప్పి, మిగతాది గాలికీ వెలుతురుకూ వదిలితే నీరు మిగులుతుంది, నాచు తగ్గుతుంది. పక్కనే ఫిల్టర్ బెడ్లు, పంపుహౌస్ ఉంటాయి, దూరం లైను వేసే పని లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు పగలు నిండి సాయంత్రం కుళాయి వదిలేదాకా ఉంటుంది, కాబట్టి బ్యాటరీ అక్కర్లేదు. పంచాయతీ కరెంటు బిల్లు తగ్గుతుంది. ఇంత సులువైన చోటును వదిలేసి కష్టమైన కాలువ వెంట పడడం ఎందుకో అర్థం కాదు.

తోటల సంగతి కోనసీమ రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొబ్బరి కింద కోకో, అరటి, కంద వేసి ఒకే ఎండను మూడు అంతస్తుల్లో వాడుకోవడం అతనికి పాత విద్య. పైరు పైన ఎడంగా, ఎత్తుగా ప్యానెళ్ళు పెట్టే పద్ధతికి ఇదే లెక్క. ఎంత నీడకు ఏ పంట ఓర్చుకుంటుందో ముందు ఆ రైతును అడిగి, తర్వాత కాగితం మీద గీయాలి.

గట్టి చిక్కు ఇంకోటుంది. డెల్టాలో పొలం చేసేవాళ్ళలో, చెరువు చేసేవాళ్ళలో చాలామంది కౌలుదారులు. చెరువు లీజు కొద్ది ఏళ్ళది, ప్యానెల్ పాతికేళ్ళది. ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, రాత్రి కరెంటు పోతే అతనికి నష్టం లేదు. కౌలు రైతుకు నష్టం ఉంది కానీ సబ్సిడీ కాగితాల్లో అతని పేరు ఎక్కదు. ప్యానెళ్ళు నేలలో పాతి కాంక్రీటు పోసే డిజైన్ అతన్ని మొదటి అడుగులోనే బయటికి నెట్టేస్తుంది. ట్రాలీ మీదో, ఇనుప చట్రం మీదో బిగించి, లీజు అయిపోగానే ట్రాక్టర్ తగిలించి వేరే గట్టుకు తీసుకుపోగలిగిన యూనిట్లు కావాలి. గాలి హెచ్చరిక వచ్చినప్పుడు మడిచి కట్టేయగలగాలి. వరికోత యంత్రాలను సీజన్‌కు అద్దెకు తిప్పినట్టే బ్యాటరీ ట్రాలీలను సొసైటీలో, రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో (ఎఫ్‌పీఓ) పంటకాలానికి అద్దెకు ఇస్తే కౌలు రైతుకు అప్పు భారం ఉండదు.

లాభం ఎవరికి అందుతుందన్న అనుమానం ఇక్కడివారికి ఊరికే రాలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఔట్ 65 రోజులు మండింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాస్‌ను నమ్ముకుని విజ్జేశ్వరం, జేగురుపాడు, సామర్లకోటల్లో విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. 2010 తర్వాత కృష్ణా-గోదావరి తీరంలోని కేజీ-డీ6 గ్యాస్ క్షేత్రంలో ఉత్పత్తి పడిపోయేసరికి రాష్ట్రంలో గ్యాస్ ప్లాంట్లు చాలావరకు మూలనపడ్డాయి. ప్రమాదం ఊళ్ళది, గ్యాస్ బయటివాళ్ళది అన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే తాగునీటి చెరువు మీది కరెంటు పంచాయతీ పద్దులో కనబడాలి, గట్టు మీది కరెంటు చెరువు చేసేవాడి బిల్లులో కనబడాలి.

సీలేరు నీళ్ళు

రాత్రి ఏరియేటర్లకు బ్యాటరీ సాయం ఒక్క గంట. మిగతా రాత్రికి కరెంటు ఎక్కడిది? ప్రస్తుతానికి ఎక్కువగా బొగ్గుదే. డెల్టాకు సంబంధించిన మరో నిల్వ మన్యంలో ఉంది. మాచ్‌ఖండ్, బలిమెల, ఎగువ సీలేరు, దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రాల మెట్లు దిగిన నీరు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరి, ధవళేశ్వరం వస్తుంది. గోదావరిలో సహజ ప్రవాహం తగ్గిపోయే దాళ్వా కాలంలో డెల్టా శివారు చేలను కాపాడేది చాలావరకు ఈ నీళ్ళే. జలవనరుల శాఖ అడుగుతుంది, రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కో వదులుతుంది, వదిలినప్పుడు కరెంటు పుడుతుంది.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వరిచేనుకు కావలసింది ఈ వారం ఇన్ని నీళ్ళు. అవి సీలేరులో మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాయా, రాత్రి రెండింటికి బయల్దేరాయా అన్నది చేనుకు పట్టదు. అంత దూరం ప్రయాణంలో, పోలవరం దగ్గరా బ్యారేజీ దగ్గరా నిలిచే నీటిలో ఆ హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి. రొయ్యల చెరువుకు మాత్రం నిమిషాల్లో కావాలి. అందుచేత పగలు సోలార్ పుష్కలంగా ఉన్నప్పుడు సీలేరు టర్బైన్లు ఆపి, అదే రోజు కోటాను సాయంత్రం నుంచి తెల్లవారే దాకా వదిలితే చేనుకు లోటు రాదు, రాత్రి గ్రిడ్‌కు బలం వస్తుంది. కొత్త ఆనకట్ట అక్కర్లేదు, వేళలు మార్చాలి.

పరిమితులూ ఉన్నాయి. మార్చి చివరికి రిజర్వాయర్లు దిగిపోతాయి, శివారు చేలు గొంతెత్తుతాయి, అప్పుడు వేళలు చూసే వీలు తగ్గుతుంది. ఎగువ సీలేరులో జెన్‌కో తలపెట్టిన 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ వస్తే, పగటి సోలార్‌తో నీటిని తిరిగి పైకి తోడి రాత్రి దించవచ్చు. అది రాత్రి కరెంటుకు మంచిదే. కానీ పైకీ కిందికీ తిరిగే నీటిలో ఎంత వాటా, ఏ నెలలో డెల్టాకు కచ్చితంగా దిగాలన్నది కట్టకముందే రాసుకోవాలి. కట్టాక రాసుకునేది గొడవే అవుతుంది. పోలవరంలో వచ్చే 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికీ ఇదే వర్తిస్తుంది.

దాళ్వాకు ఎన్ని ఎకరాలకు నీళ్ళివ్వాలో, కాలువలు ఎప్పుడు కట్టేయాలో ఏటా సాగునీటి సలహా మండలి సమావేశాల్లో తేలుస్తారు. ప్రజాప్రతినిధులు, కలెక్టర్, ఇంజినీర్లు, రైతు సంఘాలు అక్కడ ఉంటారు. ఆ బల్ల ముందు జెన్‌కో అధికారి సీలేరు నీటిని రోజుల లెక్కతో పాటు గంటల లెక్కలో కూడా పెట్టాలి. కరెంటు పంపిణీ చేసే డిస్కం అధికారి ఆక్వా ఫీడర్ల రాత్రి లోడు కాగితం తెచ్చుకోవాలి. చెరువులు చేసే కౌలు రైతుల తరఫున ఒకరికి కుర్చీ వేయాలి. వచ్చే దాళ్వా షెడ్యూలుకే ఇది మొదలుపెట్టవచ్చు, ఇందుకు కొత్త చట్టమేమీ అవసరం లేదు.